వేట నిషేధం: రేవులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల పొడవు కొలవడం, పొట్ట కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో రాసుకోవడం నా పని. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలల పాటు సముద్రంలో చేపల వేట ఆపాలి. ఆ రోజు దగ్గర పడుతోందంటే చాలు, ఏటా అవే మాటలు వినాలి.

అపోహ: చేపలన్నీ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెడతాయి.

వాస్తవం: కాదు. మన సముద్రంలో చాలా రకాలు నెలల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటాయి, ఒక్కో రకానికి ఒక్కో అదను. అన్నిటికీ సరిపోయే రెండు నెలలు అసలు లేవు. మరి నిషేధం ఎందుకంటే, ఆ కాలంలో పెట్టే గుడ్లకు రక్షణ ఉంటుంది, ఏడాది మొత్తం మీద వేట కొంత తగ్గుతుంది, ట్రాల్ వలలు ఈడ్చే అడుగు నేలకు కాస్త విరామం దొరుకుతుంది. 2015కు ముందు మన తీరంలో ఇది 47 రోజులు, ఇప్పుడు జూన్ 14 దాకా 61 రోజులు. ఎన్ని రోజులు ఆపితే చేపకు ఎంత మేలో మేం అంచనా వేయగలం. అన్నాళ్లు కళాసీ (బోటులో పనిచేసే కూలీ) ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది మా కొలబద్దకు అందదు, అది ప్రభుత్వం తేల్చాల్సిందే. వేట ఆగిన రోజులకు మత్స్యకారులకు ఇచ్చే భృతి 2025లో 10,000 రూపాయల నుంచి 20,000కి పెరిగింది, మంచిదే.

అపోహ: సైంటిస్టులు పక్కాగా తేల్చేదాకా చట్టం ఆగాలి.

వాస్తవం: ఇది నాకు బాగా కోపం తెప్పించే మాట. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం అడిగేది అందుబాటులో ఉన్న ఉత్తమ శాస్త్రీయ ఆధారాన్నే, తిరుగులేని రుజువును కాదు. సమాచారం చాలలేదన్న సాకుతో సంరక్షణ చర్యలు వాయిదా వేయొద్దని ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 1995 నియమావళి కూడా చెబుతోంది. కెనడాలో కాడ్ చేపలు నిజంగా ఉన్నవాటి కన్నా ఎక్కువ ఉన్నాయని సైన్సే పొరబడింది, ఎంత పట్టొచ్చో చెప్పే కోటాలు పెద్దవిగా ఇచ్చారు, చివరికి 1992 జూలైలో వేట మొత్తం ఆపేస్తే వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అందుకే చేపలు ఎన్ని ఉన్నాయన్నదానికి మేం ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని ఇస్తాం, చట్టం చేసేవాళ్లు కింది అంకెనూ చూడాలి.

అపోహ: సైంటిస్టులు లెక్కలన్నీ ఏసీ గదుల్లో కూర్చుని రాస్తారు.

వాస్తవం: ఎక్కడ వల వేశారో సరంగు (బోటు నడిపే పెద్ద) చెప్పకపోతే నా పుస్తకంలో సగం గడులు ఖాళీయే.

అపోహ: రెండు నెలలు ఆపితే చాలు.

వాస్తవం: జూన్ 15న అందరూ ఒకేసారి చిన్న కన్ను (దారాల మధ్య రంధ్రం) వలలతో దిగితే ఆ రెండు నెలల్లో పెరిగిన పిల్ల చేపలే ముందు పోతాయి. లాగేటప్పుడు మామూలు వల కన్ను బిగుసుకుపోతుంది, చదరపు కన్ను తెరిచే ఉంటుంది కాబట్టి పిల్లలు జారిపోతాయి. కేరళ 2015లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కొలతలు తీసుకుని కొన్ని రకాలకు పట్టదగిన కనీస పొడవు పెట్టింది. మనకూ 1994 నుంచి సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది, వల కన్ను మీద గట్టి తనిఖీ రేవులోనే జరగాలి. చదరపు కన్ను వల గురించి ఒక సరంగు నాతో అన్న మాట ఇది: "అందరికీ పెట్టండి మేడం, రేపే మారుస్తాను. నేనొక్కడినే మారిస్తే నా చేప పక్క బోటులో పడుద్ది."