ధనుష్కోడి రైల్వే స్టేషన్: అపోహలు - వాస్తవాలు

రామేశ్వరం యాత్రకు వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఆ ద్వీపం కొసన, 1964 తుపానులో నాశనమైన ధనుష్కోడి శిథిలాల దగ్గర ఫోటో దిగకుండా రారు. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి కాబట్టి, తిరిగొచ్చాక నన్నే అడుగుతారు. వాళ్లు విని వచ్చిన కథల్లో సగానికి పైగా తప్పులే.

అపోహ: ఇక్కడి నుంచి రైలు వంతెన మీదుగా సిలోనుకు (నేటి శ్రీలంకకు) వెళ్లేది.

వాస్తవం: సముద్రం దాటింది ప్రయాణికులే, రైలు కాదు. ప్రధాన భూభాగాన్ని రామేశ్వరం ద్వీపంతో కలిపే పాంబన్ వంతెనను 1914లో తెరిచాక, బోట్ మెయిల్ అనే రైలు మద్రాసు నుంచి ధనుష్కోడి రేవు దాకా వచ్చేది. అక్కడ స్టీమరెక్కితే సుమారు 35 కిలోమీటర్ల అవతల సిలోను రేవు తలైమన్నార్, అక్కడి నుంచి కొలంబో రైలు. టికెట్టు మాత్రం మొత్తానికి ఒకటే. అందుకే ఈ స్టేషన్‌ను ఒక్క భవనంగా చూస్తే ఏమీ బోధపడదు. రేవు, కస్టమ్స్, తపాలా కార్యాలయం, ఆవిరి ఇంజన్ల నీళ్ల ట్యాంకు, అన్నీ కలిపి చూడాలి.

అపోహ: రామేశ్వరం దాటాక ధనుష్కోడి వచ్చేది.

వాస్తవం: పట్టాలు పాంబన్‌లోనే చీలేవి. ఒక దారి రామేశ్వరానికి 10 కిలోమీటర్లు, రెండోది ధనుష్కోడికి 24. 1964 తుపాను తర్వాత రెండో దారిని వదిలేశారు. 2019 మార్చిలో శంకుస్థాపన జరిగిన కొత్త బ్రాడ్ గేజ్ లైను రామేశ్వరం నుంచి వేయాలనుకున్నది. పాత మీటర్ గేజ్ దారి అది కాదు.

అపోహ: 1964 తుపానులో రైలు పాంబన్ వంతెన మీద నుంచి పడిపోయింది.

వాస్తవం: రెండు సంఘటనలను ఒకటిగా కలిపేశారు. డిసెంబరు 22 అర్ధరాత్రి ముందు పాంబన్‌లో బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు వంతెన ఎక్కనే లేదు. పాంబన్ స్టేషన్ వంతెనకు ఇవతల, రామేశ్వరం ద్వీపం మీదే ఉంది. ధనుష్కోడి ఇంకా కొన్ని వందల గజాలుందనగా ఆ బండి ఉప్పెనలో కొట్టుకుపోయింది. రైల్వే లెక్కలో బండిలో ఉన్నది 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. టికెట్టు లేనివాళ్లు ఎందరో ఆ లెక్కలోకి రాలేదు. వంతెన నష్టం వేరే కథ: 126 గర్డర్లు పోయాయి, పడవల కోసం పైకి లేచే భాగం నిలబడింది. రైల్వే ఇంజినీరు ఇ. శ్రీధరన్ బృందం 46 రోజుల్లో వంతెనను బాగుచేసి మళ్లీ నడిపించింది.

అపోహ: సిమెంటు పూస్తే ఈ మొండిగోడలు చిరకాలం ఉంటాయి.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడి చర్చి వంటి కట్టడాల్లో పగడపు రాయి వాడారు. తేలికగా, బోలుగా ఉండే రాయి అది, సున్నంలో పేర్చారు. సముద్రపు గాలితో లోపలికి చేరిన ఉప్పు, ఎండ కాసినప్పుడు గడ్డకట్టి స్ఫటికమవుతుంది. ఆ స్ఫటికం పెరుగుతూ రాతి రంధ్రాలను లోపలి నుంచే పగలగొడుతుంది. సున్నపు గార తేమను బయటికి పోనిస్తుంది, ముందుగా తానే రాలుతుంది. రాలితే మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఉప్పంతా పూత వెనక పేరుకుపోతుంది. పైకి గోడ నున్నగానే ఉంటుంది, వేలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. కొన్నేళ్లకు పూత ఊడిపడేటప్పుడు రాతి ముఖాన్ని కూడా పెచ్చులుగా లాక్కుపోతుంది.

మరి ఏం చేయాలంటే, మొదట ఉప్పు తీయాలి. మంచినీళ్లలో నానిన కాగితపు గుజ్జును గోడకు పట్టించి, ఆరనిచ్చి, ఒలిచేస్తే కొంత ఉప్పు దానితో వస్తుంది. ఒక్కసారితో తీరదు, సముద్రం పక్కనే ఉన్నంతకాలం పదేపదే చేయాల్సిందే. ఆ తర్వాతే సున్నం.