డాలీ మెసెంజర్: డబ్బు తీసుకుని ఆడినందుకు వెలి

2024 నవంబర్ 9న లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో ఇంగ్లండ్‌పై ఆస్ట్రేలియా రగ్బీ యూనియన్ జట్టు 42-37తో గెలిచింది. ఆ మ్యాచ్‌తో అరంగేట్రం చేసిన జోసెఫ్ సువాలీ అదే ఏడాది సిడ్నీ రూస్టర్స్‌ క్లబ్బుకు రగ్బీలోని మరో రకం, రగ్బీ లీగ్, ఆడినవాడు. సీనియర్ స్థాయిలో ఒక్క యూనియన్ మ్యాచ్ కూడా ఆడకుండా నేరుగా టెస్ట్‌లో దిగాడు. అతనికి ఇస్తున్న డబ్బు గురించి బాగానే చర్చ జరిగింది. కానీ ఆట మారావేమని అతన్ని ఎవరూ శిక్షించలేదు. రూస్టర్స్‌కే పూర్వం ఈస్టర్న్ సబర్బ్స్ అని పేరు. 1907లో అదే ప్రాంతం నుంచి డాలీ మెసెంజర్ అనే కుర్రాడు యూనియన్‌ను వదిలి లీగ్‌కు వెళ్లినప్పుడు మాత్రం జీవితకాల నిషేధం వేశారు.

రగ్బీ రెండుగా చీలడానికి కారణం ఆట నియమాలు కాదు, కూలి డబ్బులు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్, లాంకషైర్ క్లబ్బుల్లో ఆడేవాళ్లలో చాలామంది మిల్లు కార్మికులు, గని కార్మికులు. మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. పోయిన కూలి వరకైనా ఇవ్వనివ్వండి అని 1893లో వాళ్ల క్లబ్బులు అడిగితే, ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ సమావేశం 282-136 ఓట్లతో తోసిపుచ్చింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై సొంత సంఘం పెట్టుకున్నాయి. రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వొచ్చని తీర్మానించాయి. ఆట తీరు మారింది ఆ తర్వాతే: 1897లో లైనౌట్ (బంతి గీత దాటితే రెండు జట్లూ వరుసల్లో నిలబడి, లోపలికి విసిరిన బంతి కోసం పోటీపడే పద్ధతి) తీసేశారు, 1906లో జట్టుకు 15 మంది బదులు 13 మందిని పెట్టారు. ఇవాళ మనం రగ్బీ లీగ్ అంటున్నది దాన్నే. ఔత్సాహిక ఆట, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే ఆట, పవిత్రమైనదని అప్పట్లో గట్టిగా వాదించినవాళ్లలో ఎక్కువమందికి శనివారం కూలి పోయే బాధ లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే.

సిడ్నీలో గొడవ గాయాల దగ్గర మొదలైంది. 1907లో అలెక్ బర్డన్ అనే క్షురకుడు న్యూ సౌత్ వేల్స్‌కు ఆడుతూ దెబ్బ తగిలించుకున్నాడు. చేతులే జీవనాధారమైన మనిషి, వారాల తరబడి పని చేయలేకపోయాడు. పరిహారం రాలేదు. అదే ఏడాది జూలైలో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో న్యూ సౌత్ వేల్స్, న్యూజిలాండ్ మ్యాచ్ చూడ్డానికి సుమారు 52,000 మంది వచ్చారు. గేటు దగ్గర ఇంత డబ్బు వస్తుంటే, దెబ్బ తగిలినవాడికి మందుల ఖర్చు కూడా ఇవ్వరా? ఆటగాళ్లు ఈ మాటే మాట్లాడుకున్నారు. ఆ మంతనాలు నడిచిన చోటు విక్టర్ ట్రంపర్ క్రీడా సామగ్రి దుకాణం. క్రికెట్ చరిత్ర తెలిసిన మనవాళ్లకు ట్రంపర్ పేరు కొత్త కాదు. ఆ గొప్ప బ్యాట్స్‌మన్, జేమ్స్ గిల్టినన్ అనే వ్యాపారి, మరికొందరు కలిసి ఆగస్టు 8న జార్జ్ స్ట్రీట్‌లోని బేట్‌మన్స్ హోటల్‌లో కొత్త లీగ్‌ను స్థాపించారు.

సంఘం పెట్టినంత మాత్రాన జనం రారు. వాళ్లను రప్పించగల ఆటగాడు ఒకడు కావాలి. వాళ్ల చూపు హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్ మీద పడింది. అందరూ 'డాలీ' అనేవారు. 1883లో బాల్మెయిన్‌లో పుట్టి, డబుల్ బేలో పెరిగాడు. తండ్రి పేరున్న పడవ పందెగాడు, పడవల షెడ్ నడిపేవాడు. డాలీ పొడగరి కాదు, కానీ బంతి చేతికొస్తే ఎటు తిరుగుతాడో ప్రత్యర్థికి అంతుపట్టేది కాదు, దూరం నుంచి గోల్ కొట్టడంలో మొనగాడు. ఆ ఏడాదే న్యూజిలాండ్‌పై ఆస్ట్రేలియాకు రెండు యూనియన్ టెస్టులు ఆడాడు. గిల్టినన్, ట్రంపర్ డబుల్ బే వెళ్లి అతని తల్లి ఆనీ అనుమతి అడిగారని చెబుతారు. ఆమె సరేనంది.

టెస్ట్ సిరీస్ ఆగస్టు 10న ముగిసింది. వారం తిరిగేసరికి, 17న, మెసెంజర్ ప్రొఫెషనల్ జట్టులో ఉన్నాడు. ప్రత్యర్థి ఆల్బర్ట్ బాస్కర్‌విల్ కూడగట్టిన న్యూజిలాండ్ ప్రొఫెషనల్ జట్టు. డబ్బు కోసం ఆడుతున్నారని పత్రికలు 'ఆల్ గోల్డ్స్' అని ఎగతాళి చేసిన జట్టు అది. ఆ జట్టుతో జరిగిన మూడు మ్యాచ్‌లనూ యూనియన్ నియమాలతోనే ఆడారు. అంటే మైదానంలో ఆట ఏమీ మారలేదు. మారిందల్లా ఆటగాడి జేబులో పడే నాలుగు డబ్బులు. న్యూ సౌత్ వేల్స్ యూనియన్ దానికే మెసెంజర్‌ను జీవితాంతం వెలివేసి, తన రికార్డుల్లోంచి అతని పేరు కొట్టేసింది.

అతని ఆట చూసిన బాస్కర్‌విల్ తమతో పాటు బ్రిటన్ తీసుకెళ్లాడు. కొన్ని వారాల ముందు న్యూజిలాండ్‌కు ఎదురునిలిచిన మనిషి అదే దేశం జెర్సీలో బ్రిటన్‌పై టెస్టులు ఆడాడు, ఆ పర్యటనలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు సాధించాడు. తిరుగు దారిలో, 1908 మేలో, బాస్కర్‌విల్ బ్రిస్బేన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 25 ఏళ్లు.

సిడ్నీ లీగ్ 1908 ఏప్రిల్‌లో తొమ్మిది క్లబ్బులతో మొదలైంది. మెసెంజర్ పర్యటన నుంచి రాగానే ఈస్టర్న్ సబర్బ్స్‌లో చేరాడు, ఆ ఏడాది చివర ఆస్ట్రేలియా తొలి లీగ్ జట్టుతో మళ్లీ బ్రిటన్ వెళ్లాడు. 1909లో యూనియన్‌కు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టు కెప్టెన్ క్రిస్ మెకివాట్‌తో సహా 14 మంది వాలబీస్ (ఆస్ట్రేలియా యూనియన్ జట్టు ఆటగాళ్లు) లీగ్‌లోకి వచ్చేశారు. ఆ దెబ్బతో సిడ్నీలో జనం లీగ్ వైపు మళ్లారు. మెసెంజర్ 1911లో ఒక్క సీజన్‌లో 270 పాయింట్లు చేశాడు. ఈస్టర్న్ సబర్బ్స్ వరుసగా 1911, 1912, 1913 టైటిళ్లు గెలిచింది. మూడోది గెలిచాక మెసెంజర్ ఆట మానేశాడు.

ఆ తర్వాత బతుకు అంత సాఫీగా సాగలేదు. హోటల్ నడిపాడు, అరటి తోట పెట్టాడు, ఏదీ నిలబడలేదు. చివరికి వడ్రంగి పని చేసుకున్నాడు. 1959 నవంబర్‌లో గనెడాలో కన్నుమూశాడు.

యూనియన్ ఔత్సాహిక నియమాన్ని ఎత్తేసింది 1995 ఆగస్టులో, హడర్స్‌ఫీల్డ్ సమావేశం జరిగి సరిగ్గా నూరేళ్లు కావస్తుండగా. ఈ లోపు లీగ్ అతని పేరును ఏటా తలుచుకుంటూనే ఉంది: ఆస్ట్రేలియా లీగ్‌లో సీజన్ మేటి ఆటగాడికి ఇచ్చే పతకం పేరు డాలీ ఎం. 2018లో అతన్ని లీగ్ ఆల్‌టైమ్ మేటి ఆటగాళ్ల 'ఇమ్మోర్టల్స్' జాబితాలో చేర్చారు. న్యూ సౌత్ వేల్స్ యూనియన్ కొట్టేసిన రికార్డులు మళ్లీ పుస్తకాల్లోకి ఎక్కడానికి మాత్రం వందేళ్లు పట్టింది. అప్పటికి ఆయన పోయి దాదాపు అర్ధ శతాబ్దమైంది.