పేటెంట్ లేని పేటెంట్ మందులు: అపోహలు - వాస్తవాలు

నేను ఫార్మసిస్టును. "ఇది పనిచేస్తుందా?" అని కౌంటర్ దగ్గర అందరూ అడుగుతారు. "ఇందులో ఏముంది?" అని అడిగేవారు అరుదు. 19వ శతాబ్దపు అమెరికాలో పేటెంట్ మందుల (లోపల ఏముందో చెప్పకుండా, ప్రకటనలతో నేరుగా జనానికి అమ్మిన మందుల) వ్యాపారం సాగింది ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్లే.

అపోహ: వాటికి పేటెంట్ ఉండేది.

చాలావాటికి లేదు. పేటెంట్ కావాలంటే తయారీ వివరాలు బయటపెట్టాలి, అది వాళ్ళకు గిట్టని పని. పేరుకు, లేబుల్‌కు హక్కులు సంపాదించి, లోపలి సరుకును గుట్టుగా ఉంచారు.

అపోహ: అవన్నీ ఉత్త రంగునీళ్ళు.

రంగునీళ్ళయినా బాగుండేది. పళ్ళు వచ్చే పసిపిల్లల కోసం 1849లో బజారుకొచ్చిన మిసెస్ విన్స్‌లో సూతింగ్ సిరప్‌లో ఔన్సుకు సుమారు 65 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉండేది. మార్ఫిన్ నొప్పితోపాటు శ్వాసనూ మందగింపజేస్తుంది. పసివాళ్ళ శరీరం దాన్ని త్వరగా వదిలించుకోలేదు. చెంచాడు పట్టగానే ఏడుపు ఆగేది. కొందరు పిల్లలు మళ్ళీ కళ్ళు తెరవలేదు. తల్లులను తప్పుపట్టలేం, లేబుల్ మీద మార్ఫిన్ మాటే లేదు.

మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో 1875లో లిడియా పింక్‌హామ్ స్త్రీల బాధలకని అమ్మిన మూలికల మందులో ఆల్కహాల్ 18 శాతానికి అటూఇటూ ఉండేది. మద్యం ముట్టమని ఒట్టు పెట్టుకున్న ఇల్లాళ్ళు కూడా నిశ్చింతగా తాగారు. మూలికల సారం దిగడానికీ, నిల్వకూ కలిపామని కంపెనీ సమాధానం. మా వృత్తిలో ఇది కొట్టిపారేసే మాట కాదు. మన ఆయుర్వేద ఆసవాల్లో, అరిష్టాల్లోనూ పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. కానీ అంత మోతాదులోనా? ఆమె 1883లో చనిపోయినా, "మిసెస్ పింక్‌హామ్‌కు రాయండి" అంటూ ప్రకటనలు ఆగలేదు. 1905లో ఒక మహిళా పత్రిక ఆమె సమాధి ఫొటోనే అచ్చువేసింది.

అపోహ: 1906 నాటి అమెరికా ఆహార, మందుల చట్టంతో బూటకపు ప్రచారం ఆగిపోయింది.

ఆల్కహాల్, నల్లమందు, మార్ఫిన్, కొకైన్ వంటివి ఉంటే లేబుల్ మీద రాయాలని ఆ చట్టం చెప్పింది. అది పెద్ద మేలే. అయితే క్యాన్సర్ నయం చేస్తానన్న ఒక మందు కేసులో, చట్టం పట్టించుకునేది పదార్థాల గురించి చెప్పే అబద్ధాలనే తప్ప గుణాల గురించి చెప్పేవాటిని కాదని 1911లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1912 సవరణ ఆ లోటు పూడ్చబోయి, అమ్మేవాడికి మోసగించే ఉద్దేశం ఉందని రుజువు చేయాలన్న మెలిక పెట్టింది. "నేను నిజంగానే నమ్మాను" అనేవాడిని ఎలా పట్టుకుంటారు?

నొప్పులకని పాము నూనె అమ్మిన క్లార్క్ స్టాన్లీ మాత్రం దొరికాడు. అతని పాము నూనెను ప్రభుత్వ రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే ఖనిజ తైలం, ఒక శాతం కొవ్వు నూనె, మిరపసారం తేలాయి. జరిమానా 20 డాలర్లు. మిరపసారం పూత నొప్పులకు ఇప్పటికీ మా అరల్లో ఉంది, పదార్థాల పేర్లన్నీ రాసిన డబ్బాలో.