ఖాళీ సీసా కోసం నిండు సీసా: నర్సరీ పిల్లలు, పర్యావరణం - అపోహలు, వాస్తవాలు

పాలమూరులో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. బస్సులో ఎవరైనా "ఏం చేస్తరు మేడం?" అంటే "నర్సరీలో టీచర్ని" అని చెప్తాను. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు చాలామంది వెంటనే "ఏం మొక్కలున్నయ్ మీ దగ్గర?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. హరితహారం వచ్చాక ఊరూరా నర్సరీలు పెట్టారు కదా, అక్కడ నర్సరీ అంటే నల్ల కవర్లలో పెరిగే మొక్కలే. నా నర్సరీలో ఉండేది మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు.

ఈ మధ్య తల్లిదండ్రులు అడ్మిషన్ రోజే "పర్యావరణం మీద ఏం చేయిస్తారు?" అని అడుగుతున్నారు. సంతోషమే. కాకపోతే ఆ మాట వినగానే వాళ్ళ మనసులో మెదిలే బొమ్మలు, మేము హడావిడిగా చేయించే పనులు చాలా వరకు అపోహలే. కొన్నింటిని నేను కూడా ఏళ్ళ తరబడి నమ్మాను.

అపోహ: పారేసే వస్తువులతో బొమ్మలు చేయిస్తే పర్యావరణ పాఠం అయిపోయినట్టే

దీంట్లో నేనే దోషిని కాబట్టి దీంతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కింద ఒక సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "రేపు పిల్లలతో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా పంపండి" అని పెట్టాను. పొద్దున ముప్పై సీసాలు వచ్చాయి. సగానికి పైగా లేబుల్ కూడా నలగనివి. గేటు దగ్గర ఒక నాన్న నవ్వుకుంటూ చెప్పాడు: "మా ఇంట్ల సీసా లేకుండె మేడం. రాత్రి కిరాణం షాపుల రెండు లీటర్ల కూల్‌డ్రింక్ కొని, చెంబుల వంపి, ఇది తెచ్చిన." చెంబులో వంపింది వృథా చేస్తారా? ఇంటిల్లిపాదీ తాగారు. పిల్లాడు పొద్దున కడుపు పట్టుకుని వచ్చాడు.

అక్కడితో అయిపోలేదు. సీసాలు కోశాం, రంగులు వేశాం, గమ్ పూసి మెరుపు పొడి చల్లాం. పిల్లల చేతికి కత్తెర ఇవ్వలేం కాబట్టి కోసింది నేను, ఆయమ్మ. పిల్లలు చేసిందల్లా మెరుపు పొడి ఒకరి తల మీద ఒకరు చల్లుకోవడం. రెండు వారాలు కిటికీలో పెట్టాక దుమ్ము పట్టాయి. పాత సామాన్ల బండి అతనికి ఇద్దామని బయట పెడితే ఒక్కటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "రంగు, గమ్ ఉంది మేడం, ఇవి పోవు" అని వదిలేసి వెళ్ళాడు. మామూలు సీసా అయితే కిలో లెక్కన కొనుక్కునేవాడు, అది కరిగి ఇంకో వస్తువు అయ్యేది. మేము దాన్ని ఎవరికీ పనికిరాకుండా చేసి "చెత్త నుంచి సంపద" అని గోడ మీద రాసుకున్నాం.

ఇప్పుడు ఇంట్లో నిజంగా మిగిలినవి మాత్రమే అడుగుతాను. పాత పెళ్ళి పత్రికలు, కొబ్బరి చిప్పలు, మక్క బెండ్లు (గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకులు). పెళ్ళి పత్రికలు రంగుల వారీగా వేరు చేయడానికి ఎంత బాగుంటాయో కొన్న ఏ ఆట వస్తువూ అంత బాగుండదు. మక్క బెండ్లను రంగునీళ్ళలో ముంచి కాగితం మీద దొర్లిస్తే అచ్చులు పడతాయి, తర్వాత అవి పెంటకుప్పలోకి పోతాయి. చింతగింజలు మాత్రం యూకేజీ దాటాకే ఇస్తాను. మూడేళ్ళ పిల్లకు చింతగింజ కనిపిస్తే చెయ్యి ముందు ముక్కు వైపే పోతుంది.

ఇదే కోవలోది ఇంకొకటి. బతుకమ్మ పోటీకి థర్మాకోల్ దిమ్మ మీద ప్లాస్టిక్ పూలు గుచ్చి పంపే తల్లులున్నారు, ఆగస్టు 15కు ప్లాస్టిక్ జెండాలు పంచే బడులున్నాయి. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు అన్నీ ఉన్నాయి. నర్సరీలో చేసే పుట్టినరోజు పార్టీని చూసి రాశారా అనిపించే జాబితా అది. తంగేడు, గునుగు ఊరి చివర ఊరికే పూస్తుంటే ప్లాస్టిక్ పూలు కొనడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: మొక్క నాటిస్తే ప్రకృతి మీద ప్రేమ పుడుతుంది

జూలైలో నాటిస్తాం. ఒక్కో మొక్క పక్కన ఒక్కో పిల్లను నిలబెట్టి ఫోటో తీస్తాం. ఏప్రిల్ చివర్లో బడి మూస్తాం. పాలమూరు ఎండలో మే నెల మొత్తం ఆ మొక్కకు చెంబెడు నీళ్ళు పోసే దిక్కుండదు. జూన్‌లో తలుపులు తెరిస్తే కర్రలు మిగులుతాయి. ఒక ఏడాది అలా మిగిలిన కర్రల ముందు నిలబడి "నీ మొక్క ఏది రా?" అని అడిగితే పిల్లాడు పక్కనున్న విద్యుత్ స్తంభం చూపించాడు.

మూడేళ్ళ పిల్లకు "వచ్చే ఏడు" అనే మాటే లేదు. నిన్న, రేపు కూడా సరిగా లేవు. పొద్దున చేసింది సాయంత్రానికో మర్నాటికో మారి కనిపిస్తేనే వాళ్ళ లెక్కలో అది జరిగినట్టు. అందుకే నేను పెసలతో మొదలుపెడతాను. రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి తోక బయటికొస్తుంది. "టీచర్, దీనికి తోక వచ్చింది!" అని అరిచే పిల్లకు నేను అంకురోత్పత్తి గురించి చెప్పాల్సిన పనేముంది? తర్వాత మెంతులు. వెడల్పాటి మట్టి మూకుడులో చల్లితే వారంలోపే పచ్చగా లేస్తాయి. పిల్లలు మధ్యలో తవ్వి చూస్తారు. చూడనివ్వండి. నాలుగు గింజలు పోతే పోయాయి, ఐదోసారి తవ్వడం వాళ్ళే మానేస్తారు.

పెద్ద చెట్టు చూపించాలంటే మాకు పిల్లలమర్రి ఉంది. సుమారు ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్తారు. 2017 చివర్లో చెదలు పట్టి కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. 2018లో మందు కలిపిన నీళ్ళను సెలైన్ సీసాల్లో నింపి కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. "చెట్లకు కూడా ప్రాణం ఉంటుంది" అని నేను ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు తల ఊపి మర్చిపోయేవారు. ఆ సెలైన్ సీసాల ఫోటో చూపించిన రోజు మాత్రం ఒక పిల్ల "దానికి జెరమొచ్చిందా?" అని అడిగి, ఇంటికెళ్ళేటప్పుడు బడి ముందున్న వేప చెట్టు మొదలు పట్టుకుని చూసింది, వేడిగా ఉందేమోనని.

అపోహ: భయపెడితే బాగా గుర్తుంటుంది

గుర్తుంటుంది, భయమే గుర్తుంటుంది. ఆవు కడుపులో నుంచి ప్లాస్టిక్ తీస్తున్న వీడియో ఒక బడిలో చూపించారు. ఆ తర్వాత ఒక పిల్ల తమ ఇంటి ఆవు దగ్గరికి వెళ్ళడం మానేసింది. కవర్లు పారేయడం మాత్రం మానలేదు. ఆవుకు, తన చేతిలోని బిస్కెట్ కవర్‌కు మధ్య ఉన్న గొలుసు ఆ వయసులో అందదు. భూమి కాలిపోతోంది, నీళ్ళు అయిపోతున్నాయి అనే మాటలు పెద్ద తరగతులకు దాచిపెట్టండి.

అపోహ: "నీళ్ళు వృథా చేయొద్దు" అని చెప్తే చాలు

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇక్కడ మన మాట పిల్ల ఆరోగ్యం మీదికి వస్తుంది. ఒకసారి వారం రోజులు నీళ్ళ పొదుపు మీద పాటలు, బొమ్మలు చేయించాం. వారం తర్వాత ఒక తల్లి వచ్చి "మావాడు నీళ్ళు తాగుతలేడు మేడం, టీచర్ వద్దన్నదంటడు" అంది. నీళ్ళ సీసా నిండుగా తిరిగి వెళ్తోంది. అన్నం ముందు చేతులు కడుక్కోమంటే ఇంకో ఇద్దరు "వేస్ట్ అయితది" అని వేళ్ళ కొసలు తడిపి పారిపోయారు. వాళ్ళు మేము చెప్పింది చెప్పినట్టే చేశారు. తప్పు చెప్పిన తీరులో ఉంది.

పిల్లలకు "వద్దు" కంటే "ఇలా చెయ్యి" ఎక్కాలి. తాగడానికి, కడుక్కోవడానికి ఎన్ని నీళ్ళయినా సరే. ఆపాల్సింది సబ్బు రుద్దుకునేటప్పుడు ఊరికే కారే నల్లాని. చేతులు కనీసం ఇరవై సెకన్లు రుద్దాలి. ముప్పై మంది పిల్లలు ఆ ఇరవై సెకన్లూ నల్లా వదిలేస్తే పది నిమిషాలు నీళ్ళు కారినట్టు. ఈ లెక్క పిల్లలకు చెప్పలేదు, చూపించాను. ఒకరోజు నల్లా కింద బకెట్ పెట్టి మామూలుగా కడగమన్నాను. బకెట్ నిండి పొర్లింది. మర్నాడు తడుపు, ఆపు, రుద్దు, విప్పు అని పాటలా పాడుతూ కడిగారు. బకెట్ నిండలేదు. వాళ్ళే వంగి లోపలికి చూసి "తక్కువున్నయ్!" అన్నారు. ఆ బకెట్ నీళ్ళు కనకాంబరం మొక్కలకు పోయడానికి ఇప్పుడు రోజూ కొట్లాట. అందుకే వంతుల చార్టు పెట్టాల్సి వచ్చింది.

మునుగోడు, మర్రిగూడ వైపు చెప్పే టీచర్లు ఇంకో మాట కలపాలి. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎన్ని జీవితాలను వంచిందో నల్గొండ వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు, మరిగించినా ఫ్లోరైడ్ పోదు. కాబట్టి ఏ నల్లా నీళ్ళు తాగాలి, ఏ నీళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి అన్నది అక్కడి పిల్లకు పొదుపు కంటే ముందు రావాల్సిన పాఠం. నల్లాకు నీలం రిబ్బన్ కట్టినా సరిపోతుంది.

అపోహ: రెండు రంగుల డబ్బాలు పెడితే వేరు చేయడం వచ్చేస్తుంది

ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు. పెద్దలకే తికమక. తడిసిన కాగితం ఏ డబ్బాలోకి అని నాలుగేళ్ళ పిల్లాడు అడిగితే నేను రెండు క్షణాలు ఆలోచించాల్సి వచ్చింది. మా క్లాసులో ఆ పేర్లు తీసేశాను. ఇప్పుడు ఉన్నది ఒకటే ప్రశ్న: "ఇది బర్రె తింటదా?"

మా ఆయమ్మ ఇంట్లో రెండు బర్రెలున్నాయి. టిఫిన్ డబ్బాల్లో మిగిలిన అన్నం, అరటి తొక్కలు ఒక బకెట్లో పడతాయి, సాయంత్రం కుడితిలోకి వెళ్తాయి. బర్రె తిననిది రెండో డబ్బాలోకి. గుడ్డు పెంకు దగ్గర పెద్ద చర్చ జరిగింది. చివరికి మొక్కల కుండీలోకి అని తీర్పు చెప్పారు. పొద్దున రాగానే పిల్లలు ఆయమ్మను చుట్టుముట్టి "నిన్న బర్రె ఏం తిన్నది?" అని అడుగుతారు. ఒకసారి ఆమె "ఎవరో తొక్కల్ల చాక్లెట్ కాగితం ఏసిండ్రు, నేను సూసిన గాబట్టి తీసిన" అంది. ఆ రోజు నుంచి బకెట్ దగ్గర ఇద్దరు కాపలా ఉంటున్నారు. ఆవు వీడియో చేయలేని పని అది.

ఒక ఇబ్బంది మాత్రం మా చేతిలో లేదు. ఒకరోజు చెత్త బండి వచ్చినప్పుడు పిల్లలు గేటు దగ్గరే ఉన్నారు. మేము వేరు చేసి ఇచ్చినవి రెండూ వాళ్ళ కళ్ళ ముందే ఒకే దాంట్లో పడ్డాయి. "టీచర్, అంకుల్ కలిపిండు!" నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బండికి ఇచ్చేది పొడి చెత్త ఒక్కటే, కలపడానికి ఇంకేం లేకుండా.

అపోహ: దీనికి బాగా ఖర్చవుతుంది

వెదురు బ్రష్షులు, ఆర్గానిక్ రంగులు అమ్మేవాళ్ళు చెప్పే మాట ఇది. పైన చెప్పినవాటిలో నేను డబ్బు పెట్టి కొన్నది రెండు బకెట్లు.

అపోహ: ఊళ్ళో ఇళ్ళవాళ్ళకు తెలియదు, పిల్లలే వెళ్ళి నేర్పాలి

పాలమూరు నుంచి పనికోసం వలసపోయిన ఇళ్ళలో పిల్లల్ని పెంచేది అవ్వలు. బోర్లు ఎండిన ఏళ్ళను బిందెలతో ఈదిన మనుషులు. ముఖం కడిగిన నీళ్ళు కూడా కరివేపాకు చెట్టుకే పోస్తారు, మోదుగ ఆకులతో విస్తరి కుడతారు, చిరిగిన చీరతో బొంత కుడతారు. ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పొదుపు కొత్త కాదు. డబ్బా నిండా కాగితాలు, రోజుకో చాక్లెట్ కవరు, పారేసే ప్లేటు, ఇవన్నీ అలవాటు చేసేది మా బడులే. అందుకే ఏడాది మొదట్లో నేను "ఇంట్లో నీళ్ళు ఎక్కడ పోస్తారు? తొక్కలు ఎక్కడ వేస్తారు?" అని పిల్లల్నే అడుగుతాను. కుడితి బకెట్ ఆలోచన ఒక నాలుగేళ్ళ పిల్ల చెప్పిన జవాబు నుంచే వచ్చింది.

అలాగని అవ్వలు చేసేవన్నీ మంచివని కాదు. పొద్దున నీళ్ళ పొయ్యి ముట్టించడానికి పాల ప్యాకెట్ కవరు అంటించడం చాలా ఇళ్ళలో ఉంది. ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి పక్కన చలి కాచుకుంటున్న పిల్లే. దీని గురించి క్లాసులో ఒక మాట అన్నాను. రెండు రోజుల తర్వాత ఒక అవ్వ నేరుగా క్లాసు గుమ్మంలోకి వచ్చింది.

"ఏం నేర్పుతున్నవ్ టీచరమ్మా? పొయ్యిల కవరు ఏస్తుంటే నా చెయ్యి పట్కొని ఏడుస్తుంది. చలికి నీళ్ళెట్ల కాగాలె?"

తప్పు నాదే. పెద్దవాళ్ళను ఆపమని పిల్లను పంపడం ఆ పిల్లకూ భారమే, ఆ అవ్వకూ చిన్నతనమే. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అడిగాను: "కవరు లేని కాలంల ఎట్ల ముట్టించేటోళ్ళు అవ్వా?" ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కందికట్టె లేదా? మక్క బెండు లేదా?"

మర్నాడు బడిలో అచ్చుల కోసం ఆరబెట్టిన మక్క బెండ్లు సంచి నిండా ఉంటే, రంగు అంటనివి ఏరి ఆ పిల్లతో పంపాను. ఇప్పుడు అవ్వ పాల కవర్లు కడిగి మేకుకు గుచ్చి, చెత్త బండి వచ్చిన రోజు ఇస్తోందట. ఒక్కోసారి బెండ్లు అయిపోతే అవ్వ మనవరాలితో కబురు పంపుతుంది, "మీ టీచర్ను అడుగు, ఇంకా ఉన్నయా?" అని.