కొవ్వు, గుండె, ఒక రక్త పరీక్ష: అపోహలు – వాస్తవాలు

గుండె వైఫల్యం అనుమానంతో చేయించిన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్త పరీక్షలో అంకె పక్కన ‘నార్మల్’ అని కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ అంకెను గుండె ఒక్కటే నిర్ణయించదనీ, ఒంట్లోని కొవ్వుకు కూడా అందులో వాటా ఉందనీ వివరించడానికి ఓపీలో సమయం చాలదు గనుక, తరచూ వినబడే కొన్ని అపోహలను ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ నార్మల్‌గా ఉంటే ఆయాసానికి గుండె కారణం కాదు.

వాస్తవం: లోపలి ఒత్తిడికి గోడలు సాగినప్పుడు గుండె కండరం రక్తంలోకి వదిలే పదార్థమిది. ఓపీకి వచ్చే రోగిలో మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపు ఉంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువనేది సాధారణ నియమం. అయితే స్థూలకాయుల్లో, జబ్బు అంతే తీవ్రంగా ఉన్నా, ఈ అంకె తక్కువగానే వస్తుంది. కొవ్వు కణాల మీదుండే గ్రాహకాలు, దీనితోపాటే గుండె వదిలే బీఎన్‌పీ అనే హార్మోన్‌ను పట్టి తొలగించడమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నాం గానీ, ఆ గ్రాహకాలకు చిక్కని ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా తక్కువే ఉంటోంది గనుక, ఆ వివరణ ఒక్కటే సరిపోదు. గుండెలో ఉత్పత్తే తగ్గుతోందని అనుకోవలసి వస్తోంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆమెకు 58 ఏళ్లు, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. మూడు దిళ్లు ఎత్తు పెట్టుకుంటే గాని నిద్ర పట్టదు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 108. “అమ్మకు పంపింగ్ కూడా బాగానే ఉందన్నారు సార్, ఇది ఒళ్లు బరువు వల్లే కదా?” అని కొడుకు అడిగాడు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచీ) 40 దాటినవారికి ఈ హద్దును 40 శాతం తగ్గించి చూడాలని యూరప్ గుండె వైఫల్య నిపుణుల సంఘం 2023లో సూచించింది. ఈమె బీఎంఐ 40.5 గనుక ఈమెకు హద్దు 125 కాదు, 75. గుండె స్కాన్ అయిన ఎకోను మళ్లీ నింపాదిగా చూస్తే ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) పెద్దదై, గుండె నిండేటప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పంపింగ్ శాతం బాగుండగానే వచ్చే గుండె వైఫల్యం ఇదే.

అపోహ: కొవ్వు అంటే మిగులు శక్తిని దాచుకునే గాదె, అంతే.

వాస్తవం: 1994లో, కొవ్వు కణాలు స్రవించే లెప్టిన్ అనే హార్మోన్ బయటపడినప్పటి నుంచి కొవ్వు కణజాలాన్ని హార్మోన్లు స్రవించే అవయవంగా కూడా చూస్తున్నాం.

అపోహ: ఆడిపోనెక్టిన్ మంచి హార్మోన్, కాబట్టి ఎంత ఎక్కువుంటే అంత మేలు.

వాస్తవం: ఆరోగ్యవంతుల విషయంలో ఇది చాలావరకు నిజమే. కొవ్వు కణాలే స్రవించి, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడే ఈ హార్మోన్, విచిత్రంగా, కొవ్వు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కానీ గుండె వైఫల్యం ముదిరినవారిలో వ్యవహారం తలకిందులవుతుంది: ఆడిపోనెక్టిన్ ఎక్కువగా ఉన్నవారే ఎక్కువగా మరణించారని 2005లో డెన్మార్క్ పరిశోధకులు గమనించారు. మంచి హార్మోన్ చెడ్డదైపోయిందని దీని అర్థం కాదు. అలసిన గుండె వదిలే బీఎన్‌పీ వంటి హార్మోన్లు మనిషి కొవ్వు కణాల్లోని కొవ్వును కరిగిస్తాయని 2000లో ఫ్రాన్సులోని తులూజ్ పరిశోధకులు చూపారు. అవే హార్మోన్లు ఆడిపోనెక్టిన్ స్రావాన్ని కూడా పెంచుతాయి. అంటే ఆ అంకె చాలావరకు గుండె మీద పడుతున్న భారాన్నీ, రోగి చిక్కిపోతున్న తీరునూ చూపిస్తోందన్నమాట. ఈ చిక్కిపోవడం బరువు యంత్రానికి దొరకదు, ఎందుకంటే పోయిన కొవ్వు, కండ స్థానంలో నీరు చేరుతుంది. వేలి ఉంగరం వదులై, కాలి చెప్పు బిగుతైందని రోగి చెబితే నేను బరువు అంకెను పక్కన పెట్టేస్తాను.

గుండె వైఫల్యాన్ని నిర్ధారించడానికి ఆడిపోనెక్టిన్, లెప్టిన్ పరీక్షలను మార్గదర్శకాలు సిఫారసు చేయడం లేదు. పరిశోధనలో వాటి విలువ వేరు, చీటీలో వేరు; ప్యాకేజీలో ఉన్నాయని డబ్బు పోయకండి.

అపోహ: సన్నగా ఉన్నవారికి ఈ కొవ్వు బెడద లేదు.

వాస్తవం: కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన శరీరం మనవాళ్లలో మామూలే. భారతీయ పురుషులకు నడుము చుట్టుకొలత 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, బీఎంఐ ఎంతున్నా, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు పేరుకుందని అనుమానించాలి.

అపోహ: బరువు తగ్గేకొద్దీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఎలాగూ తగ్గుతుంది.

వాస్తవం: బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాత బరువు తగ్గినవారిలో అది తరచూ పెరుగుతుంది, ఎందుకంటే స్థూలకాయం అణచిపెట్టిన స్థాయి తిరిగి పైకి వస్తుంది. అందువల్లనే 2023లో వెలువడిన స్టెప్-హెచ్‌ఎఫ్‌పెఫ్ అనే ఔషధ ప్రయోగ ఫలితాలు నన్ను ఆశ్చర్యపరిచాయి. పంపింగ్ బాగుండి గుండె వైఫల్యం ఉన్న 529 మంది స్థూలకాయుల్లో, ఏడాది పాటు సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే మందు వాడినవారికి సుమారు 13 శాతం బరువు తగ్గింది. పెరుగుతుందేమో అనుకున్న ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ సుమారు 21 శాతం తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో మాత్రం 5 శాతమే. కొవ్వు తగ్గినందుకు పెరగవలసిన అంకె కూడా దిగివచ్చిందంటే, గుండె గోడల మీద ఒత్తిడి నిజంగానే తగ్గిందని భావించవచ్చు. కనుక బరువు తగ్గుతున్న రోగిలో ఈ అంకె కాస్త పెరిగినంత మాత్రాన మందులు మార్చను. ముందు ఆయాసం, కాళ్లవాపు, ఎకో చూస్తాను.