నెల తక్కువ గొడవ

చరణ్‌కీ, కిరణ్‌కీ,

బీరువాలో మీ పుట్టినప్పటి కార్డులు దొరికాయనీ, వాటిమీద ఇంట్లో పెద్ద రభస అయిందనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చరణ్ 2,200 గ్రాములు, కిరణ్ 1,650. అది చూసి ‘‘నెల తక్కువ వెధవా, అందుకే నీకు చదవడం రాదు’’ అన్నావటగా చరణ్! పది నిమిషాల తేడాతో పుట్టారు కదరా, వాడికి తక్కువైన నెల నీకెక్కడ దొరికింది?

ముప్ఫై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను కాబట్టి చెబుతున్నా. రెండున్నర కిలోల లోపు పుడితే తక్కువ బరువు అంటాం, కిలోన్నర లోపైతే మరీ తక్కువ. మీరిద్దరూ మొదటి లెక్కలోకే వస్తారు.

కడుపులో చివరి మూడు నెలలూ మెదడు చకచకా పెరిగే కాలం. దానికి మడతలు పడేదీ, ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే దారులు అల్లుకునేదీ ఎక్కువగా అప్పుడే. ముందే పుట్టి, ఆ పని బయట, ఆసుపత్రిలో పసివాళ్లని వెచ్చగా ఉంచే బాక్సులో, లైట్ల కింద సాగాల్సి వస్తే కొంత తేడా పడొచ్చు. నెలలు నిండినా లోపల పోషణ అందక చిన్నగా పుట్టేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి వేరు.

2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు పాత పరిశోధనల్ని పోగేసి చూశారు. బాగా ముందే పుట్టినవాళ్లూ, మరీ తక్కువ బరువువాళ్లూ చదవడంలో తోటివాళ్లకంటే సగటున వెనకబడ్డారు, స్పెల్లింగుల్లో ఇంకా ఎక్కువగా. ‘సగటున’ కింద గీత గీసుకోండి. ఒక్క పిల్లాణ్ణి చూసి ‘ఇది బరువు వల్లే’ అని ఏ డాక్టరూ చెప్పలేడు.

ఒక్కో పదం తప్పు లేకుండా చదవడం వేరు, పెద్ద వాక్యాన్ని బుర్రలో పట్టి ఉంచడం వేరు. వేసవిలో కిరణ్ చేత చదివించాను కదా: ‘‘వర్షం పడకపోయినప్పటికీ చెరువు నిండి ఉండటం చూసి రైతు ఆశ్చర్యపోయాడు.’’ ఒక్క వత్తు కూడా తప్పకుండా చదివాడు. ‘‘ఎందుకు ఆశ్చర్యపోయాడురా?’’ అంటే మాత్రం మళ్లీ మొదటికెళ్లాడు. రెండోసారి చదివి సరిగ్గానే చెప్పాడు. ముందే పుట్టిన పిల్లల్లో ఇలాంటి ఇబ్బంది ఒకటో క్లాసులో పెద్దగా కనబడదు, పాఠాలు పెరిగేకొద్దీ బయటపడుతుంది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో కవలల బరువులూ, బడి మార్కులూ పక్కపక్కన పెట్టి చూశారు. బరువుగా పుట్టినవాళ్లకి సగటున కాస్త ఎక్కువే వచ్చాయి. ఎగరకు చరణ్, ఇంకా ఉంది. అదే లెక్కలో, బాగా చదువుకున్న తల్లులకి తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, చదువు అంతగా లేని తల్లులకి బొద్దుగా పుట్టినవాళ్లకంటే మెరుగ్గా చేశారు. అది చదివి నాకు మనసు చివుక్కుమంది. మా వార్డుకొచ్చిన తల్లుల్లో ఎంతమంది వేలిముద్ర వేసేవాళ్లో నాకు తెలుసు.

కిరణ్, ముందే పుట్టినవాళ్లకి చూపు, వినికిడి తేడాలు కాస్త ఎక్కువ. కళ్లు చూపించి ఎన్నాళ్లయిందో నాన్నని అడుగు. పాఠం చదివేటప్పుడు ఒక్కో పేరా కాగానే ఆగి, ‘ఇప్పుడేం జరిగింది’ అని పైకి చెప్పుకో. వినడానికి చరణ్ ఉంటాడు, వాడికి ఈ నెలకి అదే శిక్ష.

కార్డులు చింపకుండా బీరువాలోనే పెట్టండి. వాటిమీద నా చేతిరాత కూడా ఉంది.

మీ అమ్మమ్మ