ఫ్లెక్సీకి 2, ఆల్బమ్‌కు 20: కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలి?

ఫొటోను ఎంత పెద్దదిగా అచ్చు వేస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు అన్న రెండు సంగతులు తేలితే, దానికి ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలో ఎవరైనా లెక్క కట్టవచ్చు. ఫొటోలోని ఒక్కో చుక్క ఒక పిక్సెల్; పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. చూపు బాగున్న మనిషి కన్ను, డిగ్రీలో 60వ వంతు కోణం ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తిస్తుంది. ఎడం అంతకన్నా తగ్గితే అవి ఒకే చుక్కగా కలిసిపోతాయి.

నాలుగు రోడ్ల కూడలిలో కట్టిన, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఫ్లెక్సీని 10 మీటర్ల దూరం నుంచి చూసేవారికి ఆ కోణం దాదాపు 3 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే అడ్డంగా 2,000, నిలువుగా 1,000 చుక్కలుంటే చాలు; అంత పెద్ద బొమ్మకూ 2 మెగాపిక్సెళ్లు సరిపోతాయి.

పెళ్లి ఆల్బమ్ సంగతి వేరు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, చీర జరీ అంచును వేలితో చూపిస్తూ చూస్తారు. 12×18 అంగుళాల పేజీ నిండా, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 5400×3600, అంటే 19.4 మెగాపిక్సెళ్లు కావాలి. ఇప్పుడు మామూలుగా దొరికే 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000×4000 ఇస్తుంది కాబట్టి ఆ పని హాయిగా జరిగిపోతుంది. రెండు పేజీల మీద ఒకే ఫొటోను 36 అంగుళాల వెడల్పున పరిస్తే అంగుళానికి 167 పిక్సెళ్లే మిగులుతాయి. అయినా అంత వెడల్పు షీటును అర మీటరు దూరం నుంచి చూస్తాం గనుక లోటు తెలియదు.

మెగాపిక్సెల్ వైశాల్యపు కొలత అన్న సంగతిని చాలామంది మరచిపోతారు. 12 నుంచి 24కు వెళితే అడ్డంగా, నిలువుగా పెరిగే వివరం 1.4 రెట్లే, రెట్టింపు కావాలంటే 48 ఉండాలి.

ఆ వివరమైనా కెమెరాలో కాంతిని పట్టే సెన్సర్ దాకా చేరాలి కదా! 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన తలంబ్రపు గింజ సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ సెకనులో 100వ వంతు తెరిచి ఉంటే ఆ గింజ 2 సెంటీమీటర్లు జరుగుతుంది. రెండు మీటర్ల వెడల్పు దృశ్యాన్ని 24 మెగాపిక్సెళ్లతో తీస్తే అది 60 పిక్సెళ్ల గీత; 61 మెగాపిక్సెళ్లతో తీస్తే 95 పిక్సెళ్ల గీత. మసక అంతే ఉంటుంది, ఫైలు మాత్రం బరువెక్కుతుంది. కాంతి వివర్తనం, అంటే సన్నని రంధ్రం దాటేటప్పుడు కాంతి పక్కలకు పరచుకోవడం, మరో అడ్డంకి: లెన్సులో కాంతి వచ్చే రంధ్రమైన అపర్చర్‌ను ఎఫ్/16 అనే చిన్న కొలతకు మూస్తే, ఎంత మంచి లెన్సయినా ఒక బిందువును 21 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిళ్లగా పరుస్తుంది, 36 మిల్లీమీటర్ల వెడల్పున్న 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో పిక్సెల్ వెడల్పేమో 6 మైక్రాన్లు. అందుకే డబ్బు పెట్టగలిగినవారు ముందు మంచి లెన్సు, తగినంత వెలుతురు చూసుకోవాలని నా అభిప్రాయం.

ఎక్కువ పిక్సెళ్లు నిజంగా అక్కరకొచ్చేది దగ్గరకు పోలేనివారికి. కొల్లేటి ఆటపాకలో గూడబాతు దూరంగా వాలి, ఫ్రేములో మూడో వంతు వెడల్పే ఆక్రమించిందనుకుందాం. అంతవరకు కత్తిరించి 12 అంగుళాల వెడల్పున అచ్చు వేస్తే, 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో అంగుళానికి 167, 45 మెగాపిక్సెళ్ల ఫొటోలో 229 పిక్సెళ్లు మిగులుతాయి. లెన్సు పదునైనదై, చెయ్యి కదలకుండా ఉంటే, ఆ తేడా ఈకల అంచుల్లో కంటికి కనిపిస్తుంది.